గోడ పక్క మడిలో ఏ బొమ్మ పెట్టాలని అడిగారు కదా

చిన్నోడికీ బుజ్జమ్మకీ తాత రాసేది,

మొన్న మీరు పంపిన ఫోటోలన్నీ చూసినా. తెల్ల బుద్ధుడి తల, ఫ్లెమింగోల జంట, రాత్రిపూట వెలిగే పుట్టగొడుగు, కుండలోంచి నీళ్ళు ఒంపుతా ఉండే ఫారిన్ పాప. మీ నాన్న ఐదు వేలు చేతిలో పెట్టి ఆ మడి మీకే వదిలేసినాడంట, వాడు చేసిన మంచి పనుల్లో ఇదొకటి. ఫోన్‌లో చెప్తే మధ్యలో అవ్వ లాక్కుంటుంది, నా మాట నా దగ్గరే ఉండిపోతుంది, అందుకే రాస్తున్నా, పొడుగైతే ఓర్చుకోండి.

ముందు మీ మడి ఎట్లాంటిదో చూడండి. స్కేలు పెట్టి గీసి నాటింది కాదు. వెనకాల మందారం, దాని ముందర నందివర్ధనం, నిమ్మగడ్డి, కనకాంబరాలు, ఎవరు వేసినారో తెలీని బంతి, అన్నీ ఒకదాని మీద ఒకటి పడి పెరుగుతున్నాయి, దాని అందమే అది. మన బెంగళూరు లాల్‌బాగ్ తోటలో మైసూరు రాజు చామరాజేంద్ర ఒడెయర్ గుర్రం మీదుండే విగ్రహం చూశారు కదా, ఎత్తు దిమ్మె, చుట్టూ ఖాళీ, అన్ని వైపుల నుంచీ కనపడాలని పెట్టింది, రాజుగారు కాబట్టి చెల్లింది. మీ మడిలో అట్లా దిమ్మె కట్టి ఏదైనా నిలబెడితే పాపం చెట్లన్నీ దాని పనోళ్ళ మాదిరి అయిపోతాయి. మీకు కావాల్సింది వేరే. చెట్లకంటే ముందే అక్కడుండి, తర్వాత చెట్లొచ్చి చుట్టుకున్నాయేమో అనిపించేది. అట్లాంటిది ఎట్లుంటుందో చూడాలంటే మన వీధి చివర రావిచెట్టు కింద నాగుల కట్ట చూడండి, ఒక రాయి కాస్త వాలి ఉంటుంది, ఒకదాని అడుగు వేర్లు పట్టేసినాయి, అయినా అంతా సర్దుకుని కూర్చున్నట్టుంటుంది. అది పూజకి పెట్టింది, దాన్ని కాపీ కొట్టమనడం లేదు, రాయీ చెట్టూ ఎట్లా కలిసిపోయినాయో చూడమంటున్నా అంతే.

నేనూ దీంట్లో ఫెయిలైనవాణ్ణేలే. ఈ ఇంటికొచ్చిన కొత్తలో రోడ్డు పక్కన టార్పాలిన్ కింద పెట్టి అమ్మే జింకపిల్లని తెచ్చినా, వాడు సిమెంటన్నాడు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అని సెప్టెంబర్ వానలు చెప్పినాయి. ముందు చెవులు పోయినాయి, తర్వాత మూతి, దీపావళికి చూస్తే కుక్కో జింకో తెలీలేదు, మీ అవ్వ ఇప్పటికీ నవ్వుతుంది.

అందుకే దేంతో చేసింది అని ముందు అడగండి. ఇంగ్లీషు తోట పుస్తకాల్లో మట్టిబొమ్మ చలికి పగిలిపోతుందని రాస్తారు, దాంట్లోకి ఇంకిన నీళ్ళు గడ్డకట్టి ఉబ్బితే పగులుతుంది, మన బెంగళూరులో ఆ భయం లేదు. ఇక్కడ మట్టిబొమ్మకి శత్రువు అడుగు తడి. నేరుగా మట్టిలో దించితే కింద పొరలు పొరలుగా రాలిపోతుంది, ఒక బండముక్క మీద పెడితే చానా ఏళ్ళు ఉంటుంది. పాటరీ టౌన్‌లో కుమ్మర్లు ఉన్నారు, వాళ్ళ దగ్గర తీసుకుంటే ఐదు వేలల్లో సగం కూడా కాదేమో. చెక్కబొమ్మ వద్దు, చెదలకి భోజనం పెట్టినట్టే. ఫైబర్‌ది తేలిక, కానీ మన ఎండకి రంగు వెలిసిపోయి ప్లాస్టిక్ బకెట్ మాదిరి అవుతుంది. కొత్త సిమెంటు బొమ్మైతే కొన్ని వారాలు వానకో పైపు నీళ్ళకో వదిలేయండి, దాంట్లోంచి సున్నం దిగుతుంది, పక్కన చేపల తొట్టి ఉంటే అసలు మంచిది కాదు.

ఇంక రాయి. రాయంటే నాకు పక్షపాతం, ముందే చెప్తున్నా. లాల్‌బాగ్ గుట్ట మీద కెంపేగౌడ గోపురం దగ్గర మీరు జారుడుబండ ఆడిన రాయి ఉంది కదా, దాని వయసు సుమారు 300 కోట్ల ఏళ్ళు, దాన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకమని ప్రకటించినారు. ఈ ఊరి కింద ఉన్నది ఆ జాతి రాయే, అందుకే బూడిదరంగు గరుకు రాయి మన మట్టిలో పెడితే పరాయిగా ఉండదు, అదే తెల్ల మార్బుల్ పెట్టండి, మిట్టమధ్యాహ్నం కళ్ళలో పొడుచుకుంటుంది. కోలార్ జిల్లా మాలూరు తాలూకాలో శివారపట్న అని శిల్పుల ఊరుంది, దేవుడి విగ్రహాలే ఎక్కువ చెక్కుతారు, ఒకరోజు తీసుకెళ్తా. అక్కడ మెత్త రాయి, గట్టి రాయి రెండూ కనిపిస్తాయి. బేలూరు హళేబీడు శిల్పాల్లో నగల మీద నగిషీ అంత సన్నంగా వచ్చిందంటే మెత్త రాయి కాబట్టే. మెత్తదైన బలపం రాయి గోరుతో గీకినా పొడి రాలుతుంది, గట్టిదైన గ్రానైట్‌ని మేకుతో గీకినా ఏం కాదు. బాల్ తగిలే చోటికి గ్రానైటే, మీ ఇంట్లో క్రికెట్ ఆగదు కదా. పాలిష్ చేసింది మాత్రం అడగొద్దు, ఉలి దెబ్బలు కనిపించే గరుకుది అడగండి, నాచు పట్టేది దానికే, మన వానలకి రెండేళ్ళలో పచ్చగా అయిపోతుంది. గుర్తుపెట్టుకోండి, ఒక అడుగు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గ్రానైట్ దిమ్మ దాదాపు 75 కిలోలుంటుంది, ఫోటోలో బరువు తెలీదు.

సైజుకి ఒక ఉపాయం. కొనకముందే అంత ఎత్తు బిందె ఒకటి బోర్లించి మడిలో వారం రోజులు పెట్టండి. వంటింటి కిటికీలోంచి చూడండి, గేటు తీసినప్పుడు చూడండి. మధ్యలో పెట్టొద్దు, మడి వంపు తిరిగే చోట, నిమ్మగడ్డి సగం కప్పేటట్టు పెట్టండి. వెనకున్న చెట్టు దానికంటే ఎత్తుండాలి. తాబేలు, కప్ప లాంటివి నేల మీదే ఉండాలి, స్తంభం ఎక్కిన తాబేలుని చూస్తే ఎవరు ఎక్కించారా అని అడగబుద్ధేస్తుంది. ఇంకోటి, ఒక్కటే. రెండోది పెడితే అంగడైపోతుంది.

బుద్ధుడి తల గురించి బుజ్జమ్మ అలిగినా సరే చెప్తా. అది ఎవరికో దేవుడు. మడిలో కుక్క కాలెత్తుతుంది, పైపు నీళ్ళు పడతాయి, మన వినాయకుణ్ణి అట్లా వదిలేస్తామా? పైగా తల ఒక్కటే అంటే నాకు విగ్రహాల మెడలు నరికి అమ్ముకున్నోళ్ళే గుర్తొస్తారు.

చిన్నోడేమో అనంతపురం మామ పొలంలో కత్తి పట్టుకున్న మనిషి రాయి ఉంది, తెచ్చేద్దామన్నాడు. తేవద్దు నాయనా. అది వీరగల్లు అయ్యుంటుంది, అంటే పోరాటంలో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలబెట్టిన రాయి. వందేళ్ళు దాటిన శిల్పాలకి 1972లో చేసిన చట్టముంది, అది పక్కన పెట్టినా, బెంగళూరు అన్న పేరు మనకి చానా పాతగా కనిపించేది ఈ ఊళ్ళోనే బేగూరు గుడిలో ఉన్న సుమారు 900వ సంవత్సరం నాటి వీరగల్లు శాసనంలోనే. ఎవరో తోటలోకి బాగుంటుందని దాన్ని ఎత్తుకుపోయుంటే ఆ సంగతి మనకి తెలిసేదా?

మరి ఏం పెట్టాలి అంటారా. మా అమ్మ మదనపల్లిలో కొన్న రోలు మా పెరట్లో బోర్లా పడుంది, వందేళ్ళు కాలేదు, కంగారు పడొద్దు. మిక్సీ వచ్చినాక దాని మొహం చూసినోళ్ళు లేరు, రోలు పోయి మద్దెలతో మొరపెట్టుకుందంటారు, మా రోలుకి ఆ మద్దెల కూడా దొరకలేదు. దాన్ని నిమ్మగడ్డి పక్కన నాలుగు వేళ్ళ లోతు పాతి, గుంటలో గులకరాళ్ళేసి పైన రెండంగుళాలే నీళ్ళు పోస్తే పిగిలిపిట్టలు స్నానానికొస్తాయి. కానీ దోమ గుడ్డు దోమయ్యేదానికి వారం పది రోజులు చాలు, డెంగ్యూ దోమ గుడ్లు అంచుకి అతుక్కుని నీళ్ళు ఎండినా బతికే ఉంటాయి, అందుకని వారానికి రెండుసార్లు నీళ్ళు పారబోసి అంచులు బ్రష్‌తో రుద్దాలి. సోమవారం చిన్నోడు, గురువారం బుజ్జమ్మ. అది కుదరదంటే నీళ్ళొద్దు, మట్టి నింపి ఫెర్న్ పెట్టండి.

మీ అవ్వ ఒక షరతు పెట్టింది, రోలు మీద ఎవరూ కూర్చోకూడదంట. ఆదివారం పొద్దున టెంపో మాట్లాడమని మీ నాన్నకి చెప్పండి, ఇద్దరు మనుషులు కావాలి, నా నడుము మీద ఆశ పెట్టుకోవద్దు. ఈ లోపల బిందె బోర్లించి ఫోటో పంపండి. ఐదు వేలు మీ దగ్గరే ఉంచుకోండి, శివారపట్న పోయినప్పుడు పనికొస్తాయి.

తాత