సెలవు అయిపోయిన సిపాయి

మా చిత్తూరు పల్లెల్లో మిలట్రీ నుంచి లీవు మీద వచ్చిన అబ్బాయిని మొదటి వారం ‘ఎప్పుడొచ్చినావు నాయనా’ అని అడుగుతారు. రెండో వారం నుంచి అదే మనుషులు ‘ఎప్పుడు పోతావబ్బా’ అంటారు. అడిగేవాళ్లకు అందులో తప్పేమీ కనిపించదు. ఒకసారి మా ఊళ్లో ఒకతను లీవు ముగిసినా పంతొమ్మిది రోజులు ఇంట్లోనే ఉండిపోయాడు. ఇరవయ్యో రోజుకల్లా ఊరంతా ‘భయపడి వచ్చేసినాడంట’ అనేసింది. అతను చేసిన పోస్టింగు ఏదో, ఎక్కడో, ఆ అన్నవాళ్లలో ఒక్కరికీ తెలీదు.

2025 మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలైనప్పుడు ఈ మాటలన్నీ మళ్లీ చెవిన పడ్డాయి. లీవులు రద్దయ్యాయి. దేశమంతటా ఇంటికొచ్చిన జవాన్లు ఒక్క ఫోన్ కాల్‌తో పెట్టె సర్దుకుని బయల్దేరారు. 10వ తేదీన కాల్పులు ఆగాయి. ఆ నాలుగు రోజులూ మిలట్రీవాళ్ల ఇళ్లలో పైకి వినిపించింది ‘డ్యూటీ’ అన్న మాట. వంటింట్లో గొంతు తగ్గించి అడిగింది మాత్రం ‘పోకుంటే ఏమవుతుంది?’ అని. పాత చిత్తూరు జిల్లాకు ఆ భయం కొత్తది కాదు. 2020 నవంబరులో కశ్మీరులోని మాచిల్ సెక్టారులో చనిపోయిన హవల్దారుది ఐరాల మండలం రెడ్డివారిపల్లె. 2025 జనవరిలో అదే కశ్మీరులో సోపోర్ దగ్గర చనిపోయిన జవానుది బంగారుపాళ్యం మండలం రాగిమానుపెంట. అందుకే వంటింటి ప్రశ్నను పిరికితనమని కొట్టిపారేయకుండా, దాని వెనక ఉన్న చరిత్ర చూద్దాం.

తెలుగువాళ్లకు ఈ విషయంలో మొదట గుర్తొచ్చేది ఖడ్గతిక్కన. పదమూడో శతాబ్దం, నెల్లూరు, మనుమసిద్ధి రాజ్యం. తగాదా పశువుల మేత మీద: కాటమరాజు మందలు మేసిన బీళ్లకు పుల్లరి, అంటే మేత పన్ను, కట్టాలా వద్దా అని. కవి తిక్కనకు బంధువైన ఈ తిక్కన సేనను నడిపి, ఓడి ఇంటికొచ్చాడు. స్నానానికి వెళ్తే భార్య చానమ్మ నీళ్ల దగ్గర మంచం అడ్డం పెట్టి, పసుపు ముద్ద ఉంచింది. ఇదేమిటని అడిగితే, ఇంట్లో ఇప్పుడు ముగ్గురం ఆడవాళ్లమే కదా అన్నది. అన్నంలోకి తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు పోసింది, నీతో పాటు పాలూ విరిగాయంది. అతను తిరిగి వెళ్లాడు, చనిపోయాడు. మనం బడిలో ఈ కథను వీరమాత, వీరపత్ని అంటూ చదువుకున్నాం. చాటువుగా జనం నోట నిలిచినవీ ఆ ఇద్దరి మాటలే. ఎంతమంది చచ్చాక వెనక్కి తిరిగాడు, మిగిలినవాళ్లను బతికించుకోవడానికా, తన ప్రాణానికా అని ఆ ఇంట్లో అడిగినవాళ్లు లేరు. పుల్లరి కోసం ఇంత అవసరమా అని కూడా అడగలేదు. కురుక్షేత్రంలో అర్జునుడు గాండీవం కింద పెడితే పద్దెనిమిది అధ్యాయాల జవాబు దొరికింది. నెల్లూరు సేనాపతికి దొరికింది పసుపు ముద్ద. మామూలు సిపాయికి అదీ దొరకలేదు.

ఆ రోజుల్లో డ్యూటీ అంటే దేశం అన్న అర్థం లేదు. ‘ఉప్పు తిన్నాం’ అనేవాళ్లు. ఎవరి ఉప్పు తింటే వాళ్ల తరఫున కత్తి పట్టాలి. పాళెగాళ్ల కింద కట్టుబడి బంట్రోతులకు భూమి ఇచ్చేవాళ్లు, పిలిచినప్పుడు వాళ్లు ఆయుధంతో రావాలి. చిత్తూరు చుట్టుపక్కల బంగారి, నరగంటి, కల్లూరు పాళేలు ఆ లెక్క మీదే నడిచాయి. పుంగనూరు, మదనపల్లి వైపు పొలాల్లో కనిపించే వీరగల్లులు ఇంకా పాతవి. చచ్చినవాడికి రాయి, అతని మనుషులకు నేల. రెండు వైపులా బాకీ ఉన్న ఒప్పందం అది.

ఒక వైపు తెగితే ఏమవుతుందో చిత్తూరు పక్కనే ఒకసారి కనిపించింది. 1782 డిసెంబరు 7న మైసూరు పాలకుడు హైదర్ అలీ నరసింగరాయనిపేట దగ్గర తన దండులో చనిపోయాడు. కొడుకు టిప్పు అప్పుడు మలబారు వైపు ఉన్నాడు. హైదర్ మంత్రులు చావు వార్తను బయటికి పొక్కనివ్వలేదు. శవాన్ని పెట్టెలో పెట్టి, ఖజానా తీసుకెళ్తున్నట్టుగా కోలారు వైపు పంపించారు. అంత దాపరికం ఎందుకంటే, జీతం ఇచ్చేవాడు పోయాడని తెలిస్తే సైన్యం చెదిరిపోతుందన్న భయం. దక్షిణాదిన పేరుమోసిన ఆ సైన్యం గురించి దాన్ని నడిపినవాళ్లకే ఉన్న అంచనా అది. తిరిగి యుద్ధానికి వెళ్లడం వాళ్ల దృష్టిలో ధైర్యానికి సంబంధించిన సంగతే కాదు. ఎవరు పిలుస్తున్నారు, జీతం వస్తుందా అన్నదే లెక్క.

ఈస్టిండియా కంపెనీ వాళ్లకు ఈ లెక్క పూర్తిగా అర్థం కాలేదు. 1806 జులైలో వేలూరు కోటలో మద్రాసు సిపాయిలు తిరగబడ్డారు. వేలూరు చిత్తూరుకు నలభై కిలోమీటర్ల లోపే. టోపీలా ఉన్న కొత్త తలపాగా, నుదుటి బొట్లు తీసేయమనడం, గడ్డాల మీద ఆంక్షలు అక్కడి కారణాలు. మన ప్రశ్నకు ఇంకా దగ్గరిది 1824లో కలకత్తా దగ్గర బారక్‌పూర్‌లో జరిగింది. 47వ బెంగాల్ పటాలాన్ని బర్మా యుద్ధానికి నడవమన్నారు. సామాను మోయడానికి ఎద్దులు లేవు, మీ మూటలు మీరే మోసుకోండి అన్నారు. సిపాయిలు ఎద్దులిస్తే కదులుతాం అన్నారు. నవంబరు 2న వాళ్ల మీద ఫిరంగులు పేల్చారు. ఎద్దులు కొని ఉంటే ఖర్చు తక్కువయ్యేది.

పందొమ్మిదో శతాబ్దం చివరికి ఇంగ్లీషువాళ్లు కొత్త సిద్ధాంతం పట్టుకొచ్చారు. కొన్ని జాతులే యుద్ధానికి పుట్టాయట, దక్షిణాదివాళ్లు మెత్తబడ్డారట. 1880లలో మద్రాసు సైన్యాధిపతిగా పనిచేసిన ఫ్రెడరిక్ రాబర్ట్స్ దీన్ని గట్టిగా నమ్మాడు. అంతకుముందు కంపెనీకి సగం దేశం గెలిచిపెట్టిన పటాలాల్లోకి తెలుగువాళ్లను తీసుకోవడం క్రమంగా తగ్గించేశారు. పిరికివాడన్న ముద్ర ఈసారి ఒక మనిషికి పడలేదు, ఒక భాష మాట్లాడేవాళ్లందరికీ పడింది. రెండో ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలకపోయేసరికి మద్రాస్ రెజిమెంటును మళ్లీ నిలబెట్టారు. సిద్ధాంతం ఏమైందో మరి.

ఆ ‘యుద్ధజాతుల’ సిపాయిలకే 1914లో, మొదటి ప్రపంచ యుద్ధంలో, ఫ్రాన్సులో అసలు పరీక్ష ఎదురైంది. గాయపడ్డవాళ్లను ఇంగ్లండు సముద్రతీరంలోని బ్రైటన్‌కు చేర్చారు. రాజుగారి విలాస భవనం రాయల్ పెవిలియన్‌నే ఆసుపత్రిగా మార్చారు. ఫొటోలు తీశారు, రాజు వచ్చి పలకరించాడు. సిపాయిల మనసులో ఉన్నది వేరే. గాయపడ్డామంటే తిన్న ఉప్పుకు బదులు తీరిపోయినట్టే అని చాలామంది అనుకున్నారు. దెబ్బ తిన్నవాణ్ని ఇంటికి పంపాలి. ఇక్కడేమో గాయం మానగానే మళ్లీ కందకాల్లోకి తోశారు. ఉత్తరాలు సెన్సారు అవుతాయని తెలిసి కొందరు గుప్తంగా రాశారు: నల్ల మిరియాలు అయిపోతున్నాయని, ఎర్ర మిరపకాయలు తక్కువ వాడుతున్నారని. నల్లవి హిందుస్తానీలు, ఎర్రవి తెల్లవాళ్లు. ఊళ్లో తమ్ముళ్లకు ‘సైన్యంలో చేరొద్దు’ అన్న మాట అలా చేరేది. సెన్సారు వాళ్లకు ఆ మసాలా సంగతి తొందరగానే అర్థమైంది.

చేతికి గాయాలైన సిపాయిలు ఎక్కువగా వస్తుంటే, కావాలనే కాల్చుకుంటున్నారేమోనని పైవాళ్లకు అనుమానం వచ్చింది. బ్రైటన్‌లోని కిచెనర్ ఆసుపత్రి అధికారి కర్నల్ బ్రూస్ సీటన్ 1915లో వెయ్యి గాయాలను లెక్కవేసి చూశాడు. అలా పెద్ద ఎత్తున జరుగుతోందనడానికి ఆధారం లేదని తేల్చాడు. ఆ సీటన్ ఆసుపత్రి చుట్టూ ముళ్ల కంచె వేయించిన మనిషే, సిపాయిల పట్ల మెత్తనివాడేమీ కాదు. అయినా లెక్క లెక్కే చెప్పింది. ఆ ఏడాది చివరికి హిందుస్తానీ కాల్బలాన్ని ఫ్రాన్సు నుంచి తీసేసి మెసపొటేమియా వైపు పంపారు.

తెల్ల సైనికుల కథా దాదాపు ఇదే. చేతులు వణికి, మాట పడిపోయి, నిద్రలో అరిచేవాళ్ల జబ్బుకు ‘షెల్ షాక్’ అనే పేరు 1915లో వైద్య పత్రికకెక్కింది. పేరు వచ్చినా కాల్చివేతలు ఆగలేదు. పారిపోవడం, పిరికితనంలాంటి నేరాలకు బ్రిటిష్, కామన్వెల్త్ సైన్యాల్లో 306 మందిని సొంతవాళ్లే కాల్చారు. వాళ్లను బ్రిటన్ క్షమించింది 2006లో. ఫ్రెంచి సైన్యంలో 1917 వసంతంలో సగం దాకా డివిజన్లు అడ్డం తిరిగాయి. ఆ సైనికులు కందకాలు వదల్లేదు. కాపలా కాస్తాం, పనికిమాలిన దాడులకు మాత్రం కదలం అన్నారు. పెతాఁ సేనాపతిగా వచ్చి కొంతమందిని కాల్పించాడు, లీవులు పెంచాడు, తిండి బాగుచేశాడు. పటాలాలు దారికొచ్చాయి. ఆ రెండింట్లో ఏది ఎక్కువ పనిచేసిందో నాకైతే అనుమానం లేదు.

ఇక్కడ మన వైపు మనిషి అనిపించే ఒక డాక్టరు గురించి చెప్పాలి. డబ్ల్యూ.హెచ్.ఆర్. రివర్స్ 1901-02లో నీలగిరుల్లో తోడా గిరిజనుల మధ్య ఉండి వాళ్ల జీవితాన్ని రాసుకున్నవాడు. యుద్ధం వచ్చాక స్కాట్లండులోని క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రిలో మనసు చెదిరిన ఆఫీసర్లకు వైద్యం చేశాడు. 1917 జులైలో సీగ్‌ఫ్రీడ్ ససూన్ అనే ఆఫీసరు, ఈ యుద్ధాన్ని కావాలనే సాగదీస్తున్నారు, నేను తిరిగి వెళ్లను అని బహిరంగంగా ప్రకటించాడు. ధైర్యానికి పతకం అందుకున్నవాణ్ని పిరికివాడనలేరు, కోర్టు మార్షల్ చేస్తే గొడవ. అందుకే పిచ్చి అన్న పేరుతో రివర్స్ దగ్గరికి పంపారు. రివర్స్ పని అతన్ని నయం చేయడం. నయమైతే పంపాల్సింది మళ్లీ అక్కడికే. ససూన్ చివరికి తనంతట తానే వెళ్లాడు, తన మాట వెనక్కి తీసుకోకుండానే. తన కింద ఉన్న జవాన్లు అక్కడే ఉన్నారన్నది అతని బాధ. మన మిలట్రీవాళ్లను కదిపినా చాలామంది ఇదే చెబుతారు. జెండా, దేశం అన్న మాటలు తర్వాత వస్తాయి. ముందు వచ్చేది ‘మా సెక్షన్‌లో వాళ్లు’ అన్న మాట.

ఆ మాట ఎంత బలమైందో 1943 సెప్టెంబరులో ఇటలీలోని సలెర్నోలో తేలింది. ట్రిపోలీ క్యాంపులో గాయాలూ జ్వరాలూ మానిన బ్రిటిష్ సైనికులను ఓడ ఎక్కించారు. వాళ్లంతా ఆఫ్రికా ఎడారిలో యుద్ధం చేసినవాళ్లు, సిసిలీలో ఉన్న తమ సొంత పటాలాలకే వెళ్తున్నామనుకున్నారు. ఓడ నడిసముద్రంలోకి వెళ్లాక, సలెర్నోలో తెలియని పటాలాల్లో కలవాలని చెప్పారు. ఒడ్డున దిగి కొన్ని వందల మంది కదలబోమన్నారు. జనరల్ మెక్‌క్రీరీ స్వయంగా వచ్చి పొరపాటు జరిగిందని ఒప్పుకున్నాడు. చాలామంది మెత్తబడ్డారు, 192 మంది పట్టు వదల్లేదు. వాళ్ల మీద తిరుగుబాటు నేరం మోపారు. ముగ్గురు సార్జంట్లకు మరణశిక్ష వేసి, తర్వాత రద్దు చేశారు. వాళ్లు యుద్ధం చేయబోమని అనలేదు. మా వాళ్ల పక్కన చేస్తాం అన్నారు.

తర్వాతి కాలానివి త్వరగా చెప్పేస్తాను. 1980లో అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలోకి పి.టి.ఎస్.డి., అంటే ఘోరాలు చూసినవాళ్ల మనసుకు తగిలే దెబ్బ, జబ్బుగా చేరింది. 2003లో ఇరాక్ నుంచి రెండు వారాల సెలవు మీద వచ్చిన కమీలో మెహీయా అనే అమెరికన్ సార్జంటు తిరిగి వెళ్లలేదు, మరుసటి ఏడాది అతనికి ఏడాది జైలు పడింది. ఉక్రెయిన్‌లో 2022 నుంచి యుద్ధంలో ఉన్నవాళ్లకు ఎప్పుడు విడుదలన్నది తేలలేదు. ముప్పై ఆరు నెలల గడువు పెట్టాలన్న అంశాన్ని 2024 చట్టంలోంచి తీసేశారు. అదే ఏడాది, మొదటిసారి యూనిట్ వదిలి వెళ్లినవాళ్లు తిరిగొస్తే కేసు లేకుండా చేర్చుకునే వెసులుబాటు తెచ్చారు.

మన దగ్గర బలవంతపు సైనిక సేవ లేదు. అందుకే ‘నువ్వే కదా చేరినావు’ అన్న మాట చాలా సులువుగా వస్తుంది. నిజమే, చేరినవాడే. పద్దెనిమిదేళ్లకు, పరుగు పందెం గెలిచి, ఇంట్లో అప్పు ఉండగా చేరినవాడు. రాజ్యాంగం 33వ అధికరణం సైనికుల ప్రాథమిక హక్కులకు పరిమితి పెట్టే అధికారం పార్లమెంటుకు ఇచ్చింది. 1950 ఆర్మీ చట్టంలో 38వ సెక్షన్ పారిపోవడం గురించి: యుద్ధ విధుల్లో ఉండగానో, ఆ ఆర్డరు అందాకో పారిపోతే మరణశిక్ష దాకా వెళ్లొచ్చు, మామూలు సమయంలో ఏడేళ్ల వరకు జైలు. 39వ సెక్షన్ అనుమతి లేకుండా ఉండిపోవడం గురించి: మూడేళ్ల వరకు. లీవు దాటిపోవడం ఇందులోకే వస్తుంది. ముప్పై రోజులు రాకపోతే యూనిట్‌లో కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ పెడతారు. ఈ రెంటికీ తేడా రోజుల లెక్కలో లేదు. తిరిగి వెళ్లకూడదన్న ఉద్దేశం ఉందా లేదా అన్నదే తేడా అని 1986లో సుప్రీంకోర్టు ఒక కెప్టెన్ కేసులో చెప్పింది. 2022 జూన్‌లో వచ్చిన అగ్నిపథ్‌తో ఒప్పందం రూపమే మారింది: నాలుగేళ్లు, తర్వాత నలుగురిలో ఒక్కరికే కొనసాగింపు, మిగిలినవాళ్లకు పెన్షన్ లేదు. పెన్షన్ అన్నది కట్టుబడి నేలకు ఈ కాలపు రూపం. అది పోయాక డ్యూటీ మీద అదే మోతాదులో ఉపన్యాసాలు ఇవ్వడం నాకు సబబుగా తోచదు.

జవాన్లు లీవు పొడిగించుకోవడానికి ఒక పాత పద్ధతి ఉండేది. ‘మదర్ సీరియస్’ అని ఇంటి నుంచి టెలిగ్రాం కొట్టించడం. యూనిట్ వాళ్లకు ఆ ఎత్తు తెలుసు, నిజమో కాదో స్థానిక అధికారుల ద్వారా వాకబు చేయించేవాళ్లు. అమ్మ నిజంగా సీరియస్‌గా ఉన్న రోజున కూడా ఆ టెలిగ్రాంను అనుమానంగానే చూసేవాళ్లు. 2013 జులైలో టెలిగ్రాం సర్వీసే ఆగిపోయింది.

మా ఊరి మనిషి తనంతట తానే వెళ్లి జాయిన్ అయ్యాడు. కమాండింగ్ ఆఫీసరు ముందు నిలబెట్టి ఎందుకు రాలేదని అడిగారట, శిక్ష వేశారట, సర్వీసు పూర్తి చేసుకుని పెన్షన్‌తో వచ్చాడు. ఆ పంతొమ్మిది రోజులు ఎందుకు ఉండిపోయాడో ఆఫీసరుకు తెలుసు, ఫైల్లో ఉంది. ఊళ్లో మాకు ఇప్పటికీ తెలీదు. మేము అడగలేదు.