పాత రీస్లింగ్‌లో కిరసనాయిలు వాసన ఎక్కడిది?

"అన్నా, ఈ సీసాలో కిరసనాయిలు వాసన వస్తోంది. పాడైపోయినట్టుంది, పారబోసేద్దామా?"

మొన్న ఆదివారం మా ఇంట్లో గుంటూరు తమ్ముడు అడిగిన మాట ఇది. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో మేం ఆరుగురం వైన్ రుచి చూడ్డానికి నెలకోసారి కలుస్తాం. ఎవరి సెల్లార్‌లోంచి (వైన్ దాచుకునే చల్లటి గది) వాళ్ళు సీసాలు తెస్తారు. లేబుల్ కనబడకుండా కాగితం సంచి తొడిగి, వాసన చూసి, రుచి చూసి, మాట్లాడుకుంటాం. తమ్ముడు రావడం ఇదే మొదటిసారి. ఈసారి మూడు సీసాలూ ఒకే తోటవి: క్లేర్ వ్యాలీలోని వాటర్‌వేల్ రీస్లింగ్ (అదే పేరున్న ద్రాక్షతో చేసే తెల్ల వైన్), 2023, 2017, 2010 పంటలవి. మొదటి గ్లాసు దాదాపు నీళ్ళ రంగు. నిమ్మతొక్క గీరినప్పటి వాసన, వెనకాల ఏవో తెల్లపూలు. మూడోది లేత బంగారు రంగు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ముందు కాల్చిన బ్రెడ్డు, తేనె, వాటి మధ్యలోంచి అప్పుడే ఆర్పిన లాంతరు.

పారబొయ్యలేదు. ఆ వాసన కోసమే ఆ సీసాను ఇన్నేళ్ళు దాచాను.

ఆ వాసనకు మూలమైన పదార్థాన్ని టీడీఎన్ అంటారు. పూర్తి పేరు 1,1,6-ట్రైమిథైల్-1,2-డైహైడ్రోనాఫ్తలీన్. చివర్లో నాఫ్తలీన్ ఉంది చూడండి. బీరువాలో బట్టల మధ్య వేసే కలరా ఉండలకు ఇది దగ్గరి చుట్టం. పాత వైన్ వాసనలో దీని పాత్రను 1978లో ఆస్ట్రేలియాలోనే గుర్తించారు. లీటరుకు కొన్ని మైక్రోగ్రాములుంటే చాలు, మన ముక్కు పట్టేస్తుంది.

నన్ను ఏళ్ళ తరబడి పట్టుకున్న ప్రశ్న వేరు. ద్రాక్షపండు కొరికితే ఈ వాసన లేదు. కొత్త వైన్‌లోనూ దాదాపు లేదు. మూత బిగించాక బయటి నుంచి ఎవరూ ఏమీ కలపలేదు. మరి ఎక్కడినుంచి వచ్చింది?

జవాబు మన వంటింట్లో ఉంది. గుప్పెడు ఆవాలు అరచేతిలో వేసుకుని వాసన చూడండి, ఏమీ రాదు. అవే ఆవాలను కాసిని నీళ్ళు చల్లి నూరండి, కళ్ళవెంట నీళ్ళొస్తాయి. ఆ ఘాటు గింజలో ముందునుంచీ ఉన్నదే, కాకపోతే గ్లూకోజుకు కట్టేసి ఉంది. ఆ మూట పేరు సినిగ్రిన్. చక్కెర తగిలించుకున్న అణువు నీళ్ళలో కరిగి కూర్చుంటుంది తప్ప గాల్లోకి లేవదు. గాల్లోకి లేవనిది ముక్కును చేరదు. నూరినప్పుడు, గింజలో వేరే అరలో ఉన్న మైరోసినేజ్ అనే ఎంజైము వచ్చి చక్కెర ముడిని తెంపుతుంది. ఘాటు విడుదలవుతుంది. పనసపొట్టు కూరలో ఆవ పొయ్యి దించాకే కలపమని మా అమ్మ చెప్పేది. పొయ్యిమీద కలిపితే ఎంజైము చచ్చిపోతుంది, ముడి విప్పేవాళ్ళుండరు. ఇంత చక్కటి ఉదాహరణ ప్రతి ఇంటి పోపులపెట్టెలో ఉండగా, బడిలో ఎంజైముల పాఠాన్ని తాళం, తాళంచెవి బొమ్మతో ముగించేస్తారు. నాకది నిజంగా బాధ.

రీస్లింగ్‌లో జరిగేదీ ఇదే కథ, కత్తెర మాత్రం వేరు. ద్రాక్షలో కెరొటినాయిడ్లు ఉంటాయి, క్యారెట్ రంగుకు కారణమైన కుటుంబమే. ఒక్కో అణువులో 40 కార్బన్లు. కాయ పండేటప్పుడు అవి విరిగి 13 కార్బన్ల ముక్కలవుతాయి. మొక్క ఆ ముక్కల్లో చాలావాటికి గ్లూకోజు మూట కట్టి దాచుకుంటుంది. ఎండ బాగా తగిలిన గుత్తుల్లో ఈ మూటలు ఎక్కువ. దక్షిణ ఆస్ట్రేలియా ఎండ సంగతి చెప్పక్కర్లేదు. ఆ మూటలు రసంతో పాటు వైన్‌లోకి వస్తాయి. అక్కడ ముడి తెంపేది ఎంజైము కాదు, వైన్‌లోని పులుపే. రీస్లింగ్ పీహెచ్ (పులుపు కొలత) 3 దరిదాపుల్లో ఉంటుంది, అంటే బాగా పుల్లన. ఆ ఆమ్లం చక్కెరను ఊడదీస్తుంది, మిగిలిన ముక్క నీటి అణువులను వదులుకుంటుంది, చివరికి జంట వలయాల టీడీఎన్ తయారవుతుంది. ఆవకు నిమిషాలు పట్టే పని, ఇక్కడ ఏళ్ళు పడుతుంది.

డిగ్రీలో కెమిస్ట్రీ చదివినవాళ్ళకు మిథైల్ ఎసిటేట్ ప్రయోగం గుర్తుండే ఉంటుంది. ఆమ్లం కలిపి, పది నిమిషాలకోసారి కాస్త తీసి టైట్రేషన్ చెయ్యడం. అది కూడా నీరు, ఆమ్లం కలిసి ముడి తెంపే పనే. సీసాలో అలాంటి ప్రయోగాలు పదుల కొద్దీ ఒకేసారి నడుస్తుంటాయి. పళ్ళ వాసనిచ్చే ఎస్టర్లు తరుగుతాయి. పూల వాసనిచ్చే లినలూల్‌ను అదే ఆమ్లం ఘాటు తక్కువైన టెర్పినియోల్‌గా మార్చేస్తుంది. మూడో గ్లాసులో పూలు కనబడకుండా పోయింది అందుకే.

ఇక్కడే సెల్లార్ అవసరం తెలుస్తుంది. పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం దాదాపు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క. అలాగైతే 14 డిగ్రీల దగ్గర పదేళ్ళు దాచే బదులు 24 దగ్గర ఐదేళ్ళు దాస్తే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. వేడికి అన్ని చర్యలూ ఒకే లెక్కన పరిగెత్తవు. పూలు పోవడం, కిరసనాయిలు రావడం, రంగు ముదరడం, దేని వేగం దానిదే. వేడిలో మాగిన వైన్ త్వరగా పాతబడ్డ వైన్ కాదు, వేరే వైన్.

కార్క్ (చెట్టు బెరడుతో చేసే బిరడా) గుండా ఊపిరి పీల్చుకోకపోతే వైన్ మాగదని చాలామంది గట్టిగా నమ్ముతారు. పైన చెప్పిన ముడి తెగడానికి ఆక్సిజన్ అక్కర్లేదు. నీరు, ఆమ్లం, కాలం చాలు. 2000లో క్లేర్ వ్యాలీ తయారీదార్లు డజను మందికి పైగా ఒక్క మాట మీద నిలబడి తమ రీస్లింగ్‌కు స్క్రూ క్యాప్ (తిప్పి తీసే లోహపు మూత) పెట్టారు. తడిసిన అట్టపెట్టె వాసనతో సీసాలను పాడుచేసే కార్క్ జబ్బుతో విసిగిపోయి తీసుకున్న నిర్ణయమది. ఇంకో సంగతి ఆస్ట్రేలియన్ వైన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ కొలతల్లో బయటపడింది: కార్క్ టీడీఎన్‌ను పీల్చేసుకుంటుంది, రెండేళ్ళలో దాదాపు సగం. ప్లాస్టిక్ కార్క్ అయితే ఇంచుమించు మొత్తం. స్క్రూ క్యాప్ కింద అది ఎక్కడికీ పోదు. తమ్ముడి ముక్కుకు అంత గట్టిగా తగలడానికి మూత కూడా ఒక కారణం.

అరగంట తర్వాత తమ్ముడు ఆ గ్లాసే మళ్ళీ అందుకున్నాడు. ఈసారి తేనె తెలిసిందన్నాడు. లాంతరు ఇంకా ఉందట, కానీ ఇప్పుడది చిన్నప్పటి అమ్మమ్మగారింటి వసారాలోది.

2017వి నా దగ్గర ఇంకా నాలుగున్నాయి. ఆ రాత్రే రెండింటిని తీసి, మెడకు తేదీ రాసిన చీటీ కట్టి వంటింటి అలమరలో పెట్టాం. మిగతా రెండూ సెల్లార్‌లో 14 డిగ్రీల దగ్గరే ఉన్నాయి. రెండు వేసవులు గడిచాక నాలుగింటికీ కాగితం సంచులు తొడిగి పక్కపక్కన తెరుస్తాం. సంచులు తొడిగే పని తమ్ముడిదే.