పెద్దల సభ ఎంతకాలం ఆపవచ్చు?

చిరంజీవులకు ఆశీస్సులు.

రోమ్ గణతంత్రం ఎందుకు కూలిందని అడిగితే చాలామంది జూలియస్ సీజర్ పేరు చెప్పి ఊరుకుంటారు. సీజర్ కంటే ముందు సెనేట్‌ను, అంటే అక్కడి పెద్దల సభను, చూడమంటాను నేను. అతను నడిచిన దారిని చాలావరకు వేసింది ఆ సభే.

రోమ్ సెనేట్ చట్టాలు చేసేది కాదు. ఆ అధికారం ప్రజాసభలది. సెనేట్ ఇచ్చేది సలహా మాత్రమే. అయినా ఆ సలహాను కాదనడానికి ఎవరికీ ధైర్యం చాలేది కాదు. పాలించే కాన్సుళ్లు ఇద్దరు, వాళ్ల పదవీకాలం ఒక్క ఏడాది. సెనేటర్లు మొదట్లో సుమారు 300 మంది, సుల్లా కాలం నుంచి దాదాపు 600, చేరితే దాదాపు జీవితాంతం ఉంటారు. ఖజానా, రాయబారులతో మాటలు, ఏ రాష్ట్రానికి ఎవరిని పంపాలన్నది, అన్నీ వాళ్ల చేతిలోనే. కాన్సుల్ కూడా పదవి దిగాక మళ్లీ వాళ్ల మధ్యే కూర్చోవాలి.

సభ నడిచే తీరు కూడా తెలుసుకోండి. కాన్సుల్ విషయం చెప్పి, పెద్ద పదవులు చేసినవాళ్లను ముందు, మిగతావాళ్లను హోదా ప్రకారం తర్వాత అభిప్రాయం అడిగేవాడు. ఓటంటే లేచి తమకు నచ్చిన పక్షం వైపు నడిచి నిలబడడమే. మాట్లాడేవాడికి గడువు లేదు. పొద్దు గుంకితే సభ ముగిసినట్టే. కాబట్టి తీర్మానాన్ని ఓడించే బలం లేకపోయినా సాయంత్రం దాకా మాట్లాడే ఓపిక ఉంటే చాలు.

ఆపడం తప్పు కాదు. తొందరపాటు నిర్ణయాలను ఆపడానికే పెద్దల సభలు పుట్టాయి. అయితే రోమ్‌లో ఆపేవాళ్లకు ఆ విషయంలో సొంత లాభం ఉండేది. క్రీ.పూ. 133లో టైబీరియస్ గ్రాకస్ అనే ట్రిబ్యూన్ (సామాన్య ప్రజల తరఫున ఎన్నికయ్యే అధికారి), ప్రభుత్వ భూమిని ఒక్కొక్కరు 500 యూగెరాలకు (సుమారు 310 ఎకరాలు) మించి ఉంచుకోరాదన్న పాత పరిమితిని అమలు చేసి, మిగులు భూమిని పేదలకు పంచాలన్నాడు. ఆ మిగులును అనుభవిస్తున్నవాళ్లలో సెనేటర్లు చాలామంది. తోటి ట్రిబ్యూన్ ఒకడు వీటో చేస్తే గ్రాకస్ అతన్ని పదవి నుంచే తీసేయించాడు. అది అంతవరకు ఎవరూ చేయని పని. చట్టం వచ్చాక సెనేట్ దాని అమలుకు చిల్లర డబ్బే ఇచ్చింది. చివరికి కొందరు సెనేటర్లు బల్లల కోళ్లు విరిచి చేతబట్టుకుని వెళ్లి, అతన్నీ అనుచరులనూ కొట్టి చంపారు. భూమి సమస్య మాత్రం అలాగే మిగిలింది.

అసలు నష్టం సైన్యం వైపు నుంచి వచ్చింది. క్రీ.పూ. 107లో కాన్సుల్ మారియస్ భూమి లేని పేదలను కూడా సైన్యంలో చేర్చుకున్నాడు. యుద్ధం ముగిశాక వాళ్లకు బతుకు కావాలి, అంటే భూమి. దానికి సెనేట్ ఒక పద్ధతి ఏర్పరచి ఉంటే సైనికులు రాజ్యానికి విధేయులుగా ఉండేవారు. అలా చేయలేదు. దాంతో భూమి ఇప్పించగల సేనాపతే వాళ్లకు రాజ్యమయ్యాడు. క్రీ.పూ. 88లో సుల్లా అనే సేనాపతి సొంత సైన్యంతో రోమ్ మీదికే నడిచాడు.

ఇక్కడే ఆగి జాగ్రత్తగా చదవండి. క్రీ.పూ. 62లో సేనాపతి పాంపే తూర్పు దేశాలు గెలిచి వచ్చి, ఇటలీలో దిగగానే సైన్యాన్ని రద్దు చేశాడు. సెనేట్ భయపడినదంతా జరగకుండా పోయింది. అతను అడిగింది రెండే: తన సైనికులకు భూములు, తూర్పున చేసిన ఏర్పాట్లకు ఆమోదం. సెనేట్ ఏళ్ల తరబడి నాన్చింది. పాంపే విసిగి మహా ధనవంతుడైన క్రాసస్‌తో, సీజర్‌తో చేతులు కలిపాడు. క్రీ.పూ. 59లో కాన్సుల్‌గా సీజర్ భూమి బిల్లు తెస్తే, కేటో అనే సెనేటర్ ఎప్పటిలాగే పొద్దుపోయేదాకా ప్రసంగం మొదలుపెట్టాడు. సీజర్ అతన్ని జైలుకు ఈడ్పించబోయి, తర్వాత సెనేట్‌నే పక్కనపెట్టి ప్రజాసభకు వెళ్లాడు. బిల్లు నెగ్గింది. సెనేట్ ఒప్పుకోకపోయినా పని జరుగుతుందని ఆ రోజు ఊరంతా చూసింది.

క్రీ.పూ. 50 డిసెంబరులో, అప్పటికి ప్రత్యర్థులైపోయిన సీజర్, పాంపే ఇద్దరూ సైన్యాలు వదలాలని సెనేట్ 370–22తో తేల్చింది. అంత ఆధిక్యం ఉన్నా కాన్సుల్ సభను ముగించి, సీజర్‌ను ఎదిరించమని పాంపే చేతిలో కత్తి పెట్టాడు. కొన్ని వారాలకే అంతర్యుద్ధం. ఆ తర్వాత మొదటి చక్రవర్తి అయిన అగస్టస్ సెనేట్‌ను రద్దు చేయలేదు. గౌరవమంతా ఉంచి సైన్యాన్ని తన దగ్గర పెట్టుకున్నాడు. సభ ఇంకా కొన్ని వందల ఏళ్లు కూర్చుంది.

చెరువుకు కట్ట ఒక్కటే చాలదు, అలుగు కూడా ఉండాలి. బ్రిటన్ ఈ సంగతి గ్రహించింది. 1909లో అక్కడి పై సభ అయిన ప్రభువుల సభ బడ్జెట్‌నే తిరస్కరిస్తే, 1911 చట్టంతో మామూలు బిల్లును ఆపే శక్తిని రెండేళ్లకు, 1949లో ఒక ఏడాదికి కుదించారు.

అమెరికా సెనేట్‌లో చర్చ ముగించే నియమం 1917 దాకా లేదు. ఇప్పుడు మామూలు బిల్లు మీద చర్చ ముగించాలంటే 100 మందిలో 60 మంది ఒప్పుకోవాలి. 1957లో నల్లజాతి పౌరుల హక్కుల బిల్లుకు అడ్డుపడుతూ సెనేటర్ స్ట్రామ్ థర్మండ్ 24 గంటల 18 నిమిషాలు మాట్లాడాడు. 2020 జనగణన ప్రకారం కాలిఫోర్నియా జనాభా సుమారు 3.95 కోట్లు, వయోమింగ్‌ది 5.77 లక్షలు, సెనేటర్లు మాత్రం చెరో ఇద్దరు. సభలో పని నిలిచినప్పుడల్లా అధ్యక్షుడి ఉత్తర్వులూ కోర్టు తీర్పులూ ఆ ఖాళీని నింపుతున్నాయి. పాంపే కథ చదివినవాళ్లకు ఇది కలవరం కలిగించాలి.

మన రాజ్యాంగం రోజులు లెక్కగట్టి రాసింది. ద్రవ్య బిల్లును రాజ్యసభ 14 రోజులకు మించి ఉంచుకోలేదు. మామూలు బిల్లు ఆరు నెలలు దాటితే ఉభయ సభలను కలిపి కూర్చోబెట్టవచ్చు. 1961లో వరకట్న నిషేధ బిల్లు అలాగే నెగ్గింది. రాజ్యాంగ సవరణకు మాత్రం ఆ దారి లేదు, రాజ్యసభ ఒప్పుకోవలసిందే. రాష్ట్రాల శాసన మండలికి మొదటిసారి మూడు నెలలు, రెండోసారి ఒక నెల. 2020 జనవరిలో మూడు రాజధానుల బిల్లులను ఆంధ్రప్రదేశ్ మండలి సెలెక్ట్ కమిటీకి పంపితే, కొద్ది రోజులకే మండలినే రద్దు చేయాలని శాసనసభ తీర్మానించింది. రద్దుకు పార్లమెంటు చట్టం చేయాలి. అది జరగలేదు. 2021 నవంబరులో ఆ తీర్మానాన్ని శాసనసభే వెనక్కి తీసుకుంది.

మీ తాతయ్య