జైలు చదువుల మీద అపోహలు - వాస్తవాలు: మేరీ కార్పెంటర్ నుంచి మా బ్యారక్ దాకా

ప్రభుత్వ బడిలో 28 ఏళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఆరేళ్లుగా వారానికి మూడు పూటలు జైలులో మహిళా బ్యారక్‌కు వెళ్లి అక్షరాలు నేర్పుతున్నాను. అనంతపురంలో ఈ మాట చెబితే కొందరు దండం పెడతారు, కొందరు "భయం లేదా టీచరమ్మా" అంటారు. రెండూ నాకు ఇబ్బందే. ఇది పుణ్యకార్యమూ కాదు, సాహసమూ కాదు. పాఠం చెప్పే పని. నూట యాభై ఏళ్ల కిందటే ఈ సంగతి పట్టుకున్న మనిషి ఇంగ్లండుకు చెందిన మేరీ కార్పెంటర్. ఆమె గురించీ మా పని గురించీ తరచూ వినే మాటలకు నా జవాబులివి.

అపోహ: నేరం చేసిన పిల్లలను ఊరికే వదిలేయమన్న మెత్తటి మనిషి ఆమె.

వాస్తవం: మెత్తదనం ఆమె దగ్గర తక్కువే. 1807లో ఎక్సెటర్‌లో పుట్టింది, బ్రిస్టల్‌లో పెరిగింది. తండ్రి యూనిటేరియన్ (దేవుడు ఒక్కడే, త్రిత్వం లేదనే క్రైస్తవ శాఖ) మతబోధకుడు, ఇంట్లోనే మగపిల్లలకు బడి నడిపేవాడు. వారితో పాటే కూర్చుని లాటిన్, గ్రీకు, లెక్కలు నేర్చుకుంది. 1846లో బ్రిస్టల్ మురికివాడలో చింపిరి గుడ్డల పిల్లలకు బడి పెట్టింది. దొంగతనం చేసిన పిల్లవాడు జైలుకు వెళ్లడం, తిరిగి అదే వీధిలోకి రావడం కళ్లారా చూసింది. ఆ పిల్లలను కొన్నేళ్ల పాటు కట్టుబాటుగల సంస్కరణ పాఠశాలలో ఉంచాలన్నది ఆమె వాదన. 1851లో దీని మీద పుస్తకం రాసింది. 1854లో రెడ్ లాడ్జ్ అనే భవనంలో ఆడపిల్లల కోసం అలాంటి పాఠశాల తెరిచింది. ఆ ఏడాదే చట్టమూ వచ్చింది. కానీ అందులో ఒక మెలిక ఉంది. పాఠశాలకు పంపే ముందు పిల్లలు కనీసం 14 రోజులు జైలులో గడపాలి. ఆమె దీన్ని గట్టిగా వ్యతిరేకించింది. రెండు వారాలే కదా అనుకునేవారు ఒక్కసారి రిమాండ్ బ్యారక్‌లో కూర్చుని చూడాలి. కొత్తగా వచ్చినవారు పాతవారి దగ్గర నేర్చుకునేదంతా ఆ మొదటి రోజుల్లోనే.

అపోహ: మతం మార్చడానికే ఇండియాకు వచ్చింది.

వాస్తవం: కాదు. మత విషయాల జోలికి పోనని చెప్పి మరీ పనిచేసింది. రామ్మోహన్ రాయ్ 1833లో బ్రిస్టల్ వచ్చి అక్కడే కన్నుమూశారు. ఆమెకు ఈ దేశం మీద ఆసక్తి కలిగింది ఆయన వల్లే. తొలిసారి వచ్చేటప్పటికి, 1866లో, వయసు 59. ఆ తర్వాత మరో మూడుసార్లు వచ్చింది.

అపోహ: ఇక్కడ ఆమె చేసినదల్లా ఆడపిల్లల బడులు తిరగడం.

వాస్తవం: బడులు తిరిగి ఆమె పట్టుకున్నది లోపాన్ని. ఆడపిల్లల బడులు అప్పటికే ఉన్నాయి, పాఠం చెప్పేది మాత్రం మగవారు. పిల్ల కాస్త ఎదగగానే ఇంట్లోవారు మాన్పించేవారు. అందుకే, ముందు స్త్రీలకు ఉపాధ్యాయ శిక్షణ ఇచ్చే నార్మల్ స్కూళ్లు పెట్టమని ప్రభుత్వాన్ని అడిగింది. ఈశ్వరచంద్ర విద్యాసాగర్ ఇందుకు ఒప్పుకోలేదు. గౌరవమైన ఇళ్ల స్త్రీలు ఉద్యోగానికి బయటికి రారని 1867లో ప్రభుత్వానికి రాశారు. అంతకు ముందు ఏడాది ఆమెతో కలిసి ఉత్తరపాడా బడి చూసి వస్తుండగా ఆయన బండి తిరగబడింది. ఆ దెబ్బ నుంచి ఆయన ఆరోగ్యం పూర్తిగా కోలుకోలేదు.

కలకత్తాలో బెతూన్ స్కూలు అనే ఆడపిల్లల బడికి అనుబంధంగా పెట్టిన శిక్షణ పాఠశాల 1872లో మూతపడింది. విద్యాసాగర్ లెక్కే నిజమైంది. అయితే మద్రాసులో 1870లో ప్రభుత్వం తెరిచినది నిలబడింది. కడప, కర్నూలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే. అనంతపురానికి ఇంకా జిల్లా హోదా కూడా లేదు, బళ్లారి కింద ఉండేది. అప్పటి పరిస్థితిని విద్యాసాగర్ సరిగ్గా చూశారు, రావలసిన మార్పును ఆమె సరిగ్గా చూసింది.

అపోహ: గోడలు లేని జైలు ఈ మధ్య వచ్చిన ముచ్చట.

వాస్తవం: 1864లో ఆమె రాసిన 'అవర్ కన్విక్ట్స్' పుస్తకంలో ఐర్లండు పద్ధతిని మెచ్చుకుంది. అక్కడ వాల్టర్ క్రాఫ్టన్ అనే అధికారి, శిక్ష చివరికొచ్చిన ఖైదీలను డబ్లిన్ దగ్గర లస్క్ అనే చోట రేకుల గుడిసెల్లో ఉంచి సేద్యం చేయించాడు. మన బుక్కరాయసముద్రం దగ్గర రెడ్డిపల్లి ఓపెన్ ఎయిర్ జైలు పొలాలను చూసినవారికి ఈ ఆలోచన కొత్తగా చెప్పక్కరలేదు.

అపోహ: తల్లితో జైలుకొచ్చిన పసిబిడ్డకు బడి ఉండదు.

వాస్తవం: ఆరేళ్ల వరకు తల్లి దగ్గర ఉండవచ్చు, ఆ పిల్లలకు శిశు సంరక్షణ కేంద్రం, నర్సరీ ఉండాలి. ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసులో సుప్రీంకోర్టు 2006లో చెప్పింది ఇది. ఆ కేసులో ప్రతివాది మన రాష్ట్రమే.

అపోహ: కార్పెంటర్ చేసినదంతా ఒప్పే.

వాస్తవం: రెడ్ లాడ్జ్ పిల్లలను ఆమె తయారుచేసింది ఎక్కువగా ఇళ్లలో పనిమనుషులుగా. తానేమో లాటిన్ చదువుకుంది. ఈ తేడా నాకు గుచ్చుకుంటుంది. ఇప్పటికీ ఆడవారి జైలు అనగానే అందరికీ గుర్తొచ్చేది కుట్టుమిషనే.

అపోహ: జైలులో చదువు చెప్పడానికి మంచి మనసుంటే చాలు.

వాస్తవం: చాలదు. నిరుడు ఒకామెకు పేరు రాయడం నేర్పాను. ఆ పేరు చెప్పను, చివర 'క్ష్మి' ఉందని మాత్రం చెబుతాను. అ, ఆలతో మొదలుపెడితే పెద్దవారు మూడో రోజుకే పలక పక్కన పెడతారు. అందుకని ఎవరి పేరుతో వారికి మొదలుపెడతాను. ఈమెకేమో పేరే గండమైంది. వేరుశనగ కాయలు వలిచి వలిచి బొటనవేలి గోరు అరిగిపోయిన చేయి అది. బలపాన్ని కొడవలిలా పిడికిట్లో బిగించేది. క్ష వేరుగా, మ వత్తు వేరుగా, గుడి వేరుగా నాలుగు రోజులు రాయించాను. ఆ తర్వాత వకాలత్ కాగితం మీద వేలిముద్ర కోసం ఇంకు ప్యాడ్ ముందుకు తోస్తే, ఆమె పెన్ను అడిగిందట. తోటివారు చెప్పారు.

పదిహేను రోజులకు బెయిలు వచ్చి వెళ్లిపోయింది. నేర్చుకున్నది పేరొక్కటే. మన దేశపు జైళ్లలో నూటికి సుమారు 75 మంది విచారణ ఖైదీలే. ఎవరు ఎప్పుడు వెళతారో తెలియదు. ఆరు నెలల పాఠ్యప్రణాళిక ఇక్కడ పనికిరాదు. ఏ రోజు పాఠం ఆ రోజే పూర్తికావాలి. ఒకరోజు బస్సు బోర్డు మీది ఊరి పేరు, ఒకరోజు వాయిదా తేదీ, ఒకరోజు జామీను మొత్తం. ఇది నాకు బడిలో రాలేదు, జైలులో రెండేళ్లు తప్పులు చేశాక వచ్చింది.

రావాలనుకునేవారు సూపరింటెండెంటుకు అర్జీ రాసుకోండి. ఫోను గేటు దగ్గరే వదలాలి. నేను వెళ్లే చోట బలపాలు లెక్కపెట్టి లోపలికి పంపుతారు, లెక్కపెట్టి వెనక్కి తీసుకుంటారు. అరిగిన ముక్కలు కూడా దాచి చూపించాలి.