ఓవెన్స్ లోయ నీళ్ల గొడవ 1905లో మొదలవలేదు

కాలిఫోర్నియాలో ఓవెన్స్ లోయ గురించి ఎవరు చెప్పినా లాస్ ఏంజెలెస్ సిటీ వచ్చి రైతుల నీళ్లు పట్టుకుపోయిన దగ్గర్నుంచే ఎత్తుకుంటారు. అది నిజమే కానీ సగమే, అసలు ఆ నీళ్లు రైతుల చేతికి ఎలా వచ్చాయో కూడా చూడాలి కదా.

సియెర్రా నెవాడా కొండలకి తూర్పున ఉన్న ఈ లోయలో వానలు చాలా తక్కువ, కొండల మీద మంచు కరిగి దిగే వాగులే దిక్కు. అక్కడి మూలవాసులైన పైయూట్ జనం వాటికి ఎప్పుడో కాలవలు తవ్వుకున్నారు. ఇప్పుడు బిషప్ ఊరున్న చోట ఏటా ఎండలు మొదలయ్యే ముందు రాళ్లు, కంప, మట్టి వేసి వాగుకి అడ్డుకట్ట కట్టేవాళ్లు, నీళ్లు పారించడానికి అందరూ కలిసి ఒక మనిషిని ఎన్నుకునేవాళ్లు, మన చెరువుల కింద నీరటి లాగా. ఆ తడి తుంగగడ్డల్లాంటి దుంపలకి, గింజల గడ్డికి. ఈ ఏడు ఒక పక్క పారిస్తే పై ఏడు రెండో పక్క. పంట చేతికొచ్చాక కట్ట తెంపేసి, కాలవలో మిగిలిన చేపలు ఏరుకునేవాళ్లు. ఇది వ్యవసాయం కాకపోతే ఇంకేంటి?

1861లో వలసదారులు పశువుల మందలు తోలుకొచ్చారు, అవి ఆ గింజల గడ్డి మేసేశాయి, ఆ చలికాలం ఘోరంగా ఉండటంతో ఆకలికి తాళలేక పైయూట్‌లు పశువుల్ని కోసుకు తిన్నారు, దాంతో కాల్పులు. 1862 జూలై 4న సైన్యం దిగి క్యాంప్ ఇండిపెండెన్స్ పెట్టింది, పైయూట్‌లు దాచుకున్న తిండి గింజలు కూడా నాశనం చేసింది. 1863లో దాదాపు వెయ్యి మంది పైయూట్‌లని దూరంగా ఉన్న సైనిక కోట ఫోర్ట్ తెహోన్‌కి నడిపించుకుపోయారు. భూమీ నీళ్లూ వలసదారుల చేతికి పోయాయి, తిరిగొచ్చినవాళ్లు తమ నేలలోనే కూలీలయ్యారు.

వలస రైతులూ కష్టపడ్డారు, కాదనను. 1872 భూకంపంలో లోయలోని ఊరు లోన్ పైన్‌లో మట్టి ఇళ్లు కూలి 27 మంది పోయారు. 1905 నుంచి సిటీ వాళ్లు భూములు కొనడం మొదలెట్టి 1913కల్లా 233 మైళ్ల కాలవ పూర్తి చేశారు, 1924లో రైతులు దాన్ని డైనమైట్‌తో పేల్చారు, 1927లో లోయలో బ్యాంకు దివాలా తీసింది, ఓవెన్స్ సరస్సు ఎండి దుమ్ము లేచింది.

1937లో అమెరికా చట్టసభ కాంగ్రెస్ చట్టం చేసి పైయూట్‌ల భూములకి బదులు సిటీ భూములు ఇప్పించింది, నీటి హక్కు మాత్రం అందులో చేర్చలేదు. అది ఇప్పటికీ తేలలేదు.