నాన్న ఐసీయూలో ఉన్నప్పుడు: చుట్టాలు చెప్పేవి, మేం చూసేవి

నేను ఐసీయూ నర్సుని. డాక్టర్లు రోజుకి ఒకటి రెండుసార్లు కౌన్సెలింగ్ రూములో మీతో మాట్లాడి వెళ్తారు. ఆ తర్వాత లిఫ్టు దగ్గర, క్యాంటీన్లో, ఊరి నుంచి వచ్చిన బాబాయి ఫోన్లో ఇంకో కౌన్సెలింగ్ జరుగుతుంది. చాలామందికి రెండోదే గుర్తుంటుంది. అక్కడ పుట్టిన మాటలన్నీ "సిస్టర్, ఇది నిజమేనా?" అంటూ తిరిగి మా డెస్కు దగ్గరికే వస్తాయి. ఎక్కువగా వినేవాటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

నేను చెప్పేది న్యుమోనియా, సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినడం), పెద్ద ఆపరేషన్ లాంటి గండం నుంచి బయటపడి మెల్లగా కోలుకుంటున్న పెద్దవాళ్ళ గురించి. మీ డాక్టరు ఏదైనా వేరేగా చెబితే ఆయన మాటే వినండి. ఆయన ముందు మీ నాన్నగారి కేస్ షీట్ ఉంది, నా ముందు లేదు.

అపోహ: వెంటిలేటర్ పెట్టారంటే ఇక అయిపోయినట్టే

వెంటిలేటర్ జబ్బు నయం చెయ్యదు, ప్రాణమూ తియ్యదు. మందులు పనిచేసి ఒళ్ళు తేరుకునేదాకా ఊపిరి పీల్చే పనిని అది చేసిపెడుతుంది. ఐసీయూ అనేది పుట్టిందే అలా. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో చెలరేగి, ఊపిరి కండరాలు పడిపోయిన పిల్లలు వరసగా చనిపోతున్నారు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు 12 ఏళ్ళ అమ్మాయికి గొంతు దగ్గర గొట్టం పెట్టి, చేత్తో బ్యాగు నొక్కుతూ గాలి పంపి బతికించాడు. అందరికీ సరిపడా మిషన్లు లేవు. మెడికల్ స్టూడెంట్లే షిఫ్టులు వేసుకుని రాత్రింబవళ్ళు బ్యాగులు నొక్కారు. మరణాలు బాగా తగ్గాయి.

"చనిపోయినవాళ్ళని కూడా వెంటిలేటర్ మీద ఉంచి బిల్లు లాగుతారట" అని ఇప్పటికీ అడుగుతారు. సినిమాలు చూసిన వాళ్ళని తప్పు పట్టలేను. కానీ గుండె ఆగిపోయాక వెంటిలేటర్ గాలి నెట్టగలదే తప్ప రక్తాన్ని తిప్పలేదు. కొన్ని గంటల్లో ఒళ్ళు చల్లబడి బిగుసుకుపోతుంది, దాన్ని ఎవరూ దాచలేరు. బ్రెయిన్ డెడ్ సంగతి వేరు. అవయవదానానికి సంబంధించిన 1994 చట్టం ప్రకారం దాన్ని నలుగురు డాక్టర్లు కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి ధ్రువీకరించాలి. అనుమానం బిల్లు మీదైతే మొహమాటపడకుండా రోజువారీ బిల్లు వివరంగా అడగండి. ప్రభుత్వ పథకం కింద చేరినవాళ్ళయితే ఆసుపత్రిలోనే ఆరోగ్యమిత్ర డెస్కు ఉంటుంది, ముందు అక్కడికి వెళ్ళండి.

అపోహ: నాన్నకి మతి పోయింది, లేదా గాలి సోకింది

ఇంట్లోవాళ్ళు ఎక్కువగా హడలిపోయేది ఇక్కడే.

నిన్నటిదాకా బాగా మాట్లాడిన మనిషి ఇవాళ గోడ మీద పురుగులు పాకుతున్నాయంటాడు. ఎప్పుడో పోయిన వాళ్ళమ్మ తలుపు దగ్గర నిలబడిందంటాడు. "ఈ సిస్టర్లు ఇంజెక్షన్‌లో ఏదో కలుపుతున్నారు, నన్ను ఇంటికి తీసుకుపో" అని కొడుకు చెవిలో చెబుతాడు. ముక్కులోంచి కడుపులోకి వేసిన రైల్స్ ట్యూబు లాగేస్తాడు. జీవితంలో ఎవర్నీ ఒక్క మాట అనని మనిషి నోట బూతులు వస్తాయి.

దీన్ని డెలీరియం అంటారు. ఇది పిచ్చి కాదు, మతిమరుపు జబ్బూ కాదు. గుండెకీ కిడ్నీకీ దెబ్బ తగిలినట్టే ఆ కొన్నాళ్ళు మెదడుకీ దెబ్బ తగులుతుంది. ఇన్‌ఫెక్షన్, మత్తు మందులు, నిద్ర లేకపోవడం, నొప్పి, సోడియం తగ్గడం, చివరికి మలబద్ధకం కూడా కారణం కావచ్చు. పొద్దున నిమ్మళంగా ఉండి, సాయంత్రానికి మళ్ళీ మొదలవుతుంది. అందుకే పొద్దున చూసి వెళ్ళిన అన్నయ్య "బాగానే ఉన్నాడు కదా" అంటాడు, రాత్రి చూసిన చెల్లెలు ఏడుస్తుంది. ఇద్దరు చెప్పేదీ నిజమే.

అరిచేవాళ్ళని అందరూ గుర్తిస్తారు. ఇందులో ఇంకో రకం ఉంది, దాన్ని మేం కూడా జాగ్రత్తగా వెతకాలి. మనిషి మౌనంగా, నీరసంగా, పిలిస్తే కళ్ళు తెరిచి మళ్ళీ మూస్తూ ఉంటాడు. "పాపం, రెస్ట్ తీసుకుంటున్నాడు" అనుకుంటాం. మీకు తెలిసిన నాన్న ఇలా ఉండడు అనిపిస్తే వెంటనే మాకు చెప్పండి. ఆయన మామూలుగా ఎలా ఉంటాడో మీకు తెలిసినంతగా మాకు తెలియదు.

అందరూ వచ్చి చేసే పని ఒకటుంది. పరీక్ష పెడతారు. "నాన్నా, నేనెవర్ని చెప్పు? నా పేరేంటి? ఈమె ఎవరు?" చెప్పలేకపోతే ఆయనకి భయం, మీకు కన్నీళ్ళు. అడగకండి, మీరే చెప్పండి. "నాన్నా, నేను చిన్నోణ్ణి, వచ్చాను. మనం ఆసుపత్రిలో ఉన్నాం. ఇవాళ గురువారం, పొద్దున పది అయింది. నీకు నిమ్ము చేసింది, ఇప్పుడు తగ్గుతోంది." ఇదే రోజూ చెప్పండి. పురుగులున్నాయంటే "లేవు, నీకు పిచ్చెక్కిందా" అని వాదించకండి, "అవునవును, చంపేశాం" అని వంతపాడకండి. "భయమేసిందా? నేను ఇక్కడే ఉన్నాను" చాలు.

ఇంటి నుంచి కళ్ళజోడు, చెవి మిషను తీసుకురండి. గొట్టం తీశాక పళ్ళ సెట్టు కూడా. కళ్ళు ఆనక, చెవులు వినపడక, చుట్టూ అలారాలు మోగుతుంటే మీరైనా నేనైనా బెదిరిపోతాం. చేతులు కట్టి ఉంటే కోప్పడే ముందు ఎందుకో అడగండి. చాలావరకు గొట్టం పీక్కుంటారని కడతాం. మీరు పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని ఉండగలిగితే, కట్టు విప్పమని అడగండి.

విభూతి పెట్టాలన్నా, తాయెత్తు కట్టాలన్నా మాకు చెప్పి చెయ్యండి. నుదుటన విభూతితో ఇబ్బంది లేదు. సెలైన్ లైన్ ఉన్న చేతికి తాడు బిగించడం, నోట్లో తీర్థం పోయడం మాత్రం వద్దు.

అపోహ: మత్తులో ఉన్న మనిషికి ఏమీ వినపడదు

వినపడదని అనుకోకండి. కోలుకున్నాక కొందరు మాటల ముక్కలు గుర్తు చేసుకుంటారు. కాబట్టి మంచం పక్కన మాట్లాడండి, పేరు పెట్టి పిలవండి. ఆసుపత్రి ఖర్చు ఎవరి వాటా ఎంత, పొలం అమ్మాలా వద్దా అన్న చర్చ మాత్రం కిందికి వెళ్ళి పెట్టుకోండి. అది వినాల్సి వచ్చే ఖర్మ మాకూ వద్దు.

అపోహ: మనం లోపలికి వెళ్తే ఇన్‌ఫెక్షన్ వస్తుంది, బయట ఉండటమే మేలు

సగమే నిజం. చేతులు శుభ్రం చేసుకోకుండా, జలుబుతో, గుంపుగా వస్తే ప్రమాదమే. చేతులు కడుక్కుని వచ్చిన ఒక మనిషి పక్కన కూర్చుంటే కాదు. బ్రెజిల్‌లో చాలా ఐసీయూల్లో కుటుంబ సభ్యుల్ని రోజుకి 12 గంటల దాకా లోపల ఉండనిచ్చి ఒక పెద్ద అధ్యయనం చేశారు. 2019లో ఫలితాలు వచ్చాయి. ఇన్‌ఫెక్షన్లు పెరగలేదు. నిజాయితీగా చెప్పాలంటే డెలీరియం కూడా అనుకున్నట్టు తగ్గలేదు. కానీ ఇంట్లోవాళ్ళ ఆందోళన, దిగులు తగ్గాయి. మన దగ్గర చాలాచోట్ల ఇంకా పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు అన్నదే రూలు. డెలీరియం ఉన్న పేషెంటుకి ఇంకొంచెం సమయం ఇవ్వమని అడిగి చూడండి. అడిగినవాళ్ళకి చాలాసార్లు ఒప్పుకుంటారు.

ఆ సమయాన్ని వరసగా పదిమంది చుట్టాల "చూపుల"కి పంచేయకండి. వచ్చినవాళ్ళు మంచం దగ్గర ఏడ్చి వెళ్తారు, పేషెంటు బీపీ పెరుగుతుంది. రోజూ ఒకే మనిషి, ఎక్కువసేపు ఉండటం మేలు. డాక్టరుతో మాట్లాడేది కూడా ఒకరే ఉండాలి. డాలస్‌లో ఉన్న అన్నయ్యకి, బెంగళూరులో ఉన్న అక్కకి ఆ మనిషే చెప్పాలి. మానిటర్ ఫోటో తీసి వాట్సాప్‌లో పెడితే అక్కడ రాత్రంతా టెన్షన్ తప్ప ఏమీ ఒరగదు. శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 93 అనేది ఒకరికి కంగారు పడాల్సిన అంకె, పాత ఆయాసం జబ్బు ఉన్న ఇంకొకరికి అవసరానికి మించిన అంకె.

అపోహ: కదిలిస్తే ప్రమాదం, పడుకుని రెస్ట్ తీసుకోవాలి

లండన్ ఐసీయూల్లో పేషెంట్ల తొడ కండరాన్ని స్కాన్‌తో కొలిచారు. 2013లో ప్రచురించిన ఆ అధ్యయనంలో 10 రోజుల్లో కండరం అడ్డుకోత వైశాల్యం సుమారు 18 శాతం తగ్గిపోయింది. ప్రాణాపాయం తప్పిన నాన్న చెంచా ఎత్తలేకపోతున్నాడంటే బద్ధకం కాదు, భయపడి నటించడం కాదు. కండరమే లేదు.

అందుకే డాక్టర్లు సరేనన్న వెంటనే ఫిజియోథెరపీ మొదలవుతుంది, ఒక్కోసారి వెంటిలేటర్ మీద ఉండగానే. మంచం అంచున కూర్చోబెడితే "ఇంత నీరసంగా ఉంటే ఏంటీ హింస" అని ఆపకండి. ఫిజియో ఏం చేస్తున్నాడో చూసి నేర్చుకోండి. మిగిలిన గంటల్లో పాదాలు పైకీ కిందికీ ఆడించడం, చేతికి దువ్వెన ఇచ్చి తల దువ్వుకోమనడం మీరు చేయించగలరు. ఆలస్యమైనా ఆయన్నే దువ్వుకోనివ్వండి. మన ఇళ్ళల్లో ప్రేమంటే అన్నీ మనమే చేసిపెట్టడం. ఇక్కడ ఆ ప్రేమ పనికిరాదు.

అపోహ: గొంతుకి రంధ్రం పెడితే ఇక జన్మలో మాట రాదు

ట్రాకియాస్టమీ చాలామందికి తాత్కాలికం. నోట్లో గొట్టం వారం పది రోజులు దాటేట్టుంటే దాని గురించి ఆలోచిస్తారు. మత్తు మందు తగ్గించవచ్చు, నోరు శుభ్రంగా ఉంటుంది, కూర్చోబెట్టడం తేలిక. గొట్టం తీసేశాక రంధ్రం చాలావరకు దానంతటదే పూడిపోతుంది, మాట తిరిగి వస్తుంది. "అమావాస్య వెళ్ళనివ్వండి, అప్పుడు సంతకం పెడతాం" అనే మాట మాకు కొత్త కాదు. ఒక రోజైతే డాక్టర్లు సాధారణంగా సర్దుకుంటారు. అమావాస్య తర్వాత మంగళవారం, దాని తర్వాత అష్టమి అంటూ పోతే మత్తులో ఉన్న రోజులు పెరుగుతాయి.

గొట్టం ఉన్నప్పుడు సాధారణంగా మాట రాదు కాబట్టి ఇంకో దారి కావాలి. ఇంగ్లిష్ అక్షరాల చార్టు చాలామంది అమ్మలకి పనికిరాదు, మన గుణింతాలతో చార్టు చేస్తే గోడంత అవుతుంది. నీళ్ళ గ్లాసు, నొప్పి, ఒంటేలు, ఫ్యాను, దుప్పటి, మనవడు అని బొమ్మలు వేసి తీసుకురండి. ఒకసారికి ఒకటే ప్రశ్న, అవును అంటే చెయ్యి నొక్కడం, కాదు అంటే తల అడ్డంగా ఊపడం.

అపోహ: గ్లూకోజో, రక్తమో ఎక్కిస్తే బలం వస్తుంది

మామూలు అర లీటరు గ్లూకోజు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర, అంటే మహా అయితే వంద కేలరీలు. రక్తం కూడా టానిక్ కాదు. హిమోగ్లోబిన్ 7 కంటే తగ్గినప్పుడే ఎక్కిస్తే చాలని, ముందే ఎక్కించినందువల్ల చాలామందికి అదనంగా మేలు లేదని కెనడాలో చేసిన పెద్ద అధ్యయనం 1999లోనే చూపించింది. గుండె జబ్బులవాళ్ళకి ఆ హద్దు కొంచెం ఎక్కువ.

అపోహ: ఇంటికెళ్ళాక నెలరోజులు పథ్యం

పోయిన కండరం తిరిగి రావాల్సిన నెలలోనే మనం జావ, చారన్నం, బ్రెడ్డు, బీరకాయ మీద నిలబెడతాం. పప్పు పెడితే చీము పడుతుందని పప్పు మానేస్తారు. గుడ్డు వేడి, పెరుగు చలవ, చేప దురద. ఇక మిగిలేది బియ్యం.

పప్పుకీ చీముకీ సంబంధం లేదు. చీము సూక్ష్మక్రిముల వల్ల పడుతుంది. పుండు మానడానికి, కండ పట్టడానికి కావలసింది పప్పులో, గుడ్డులో, పెరుగులో, చేపలో ఉండే ప్రొటీనే. కోలుకునేవాళ్ళకి కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాముల దాకా కావాలి. 60 కిలోల మనిషికి 70 గ్రాములు దాటుతుంది. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములు. గిన్నెడు బియ్యం జావలో అందులో సగం కూడా ఉండకపోవచ్చు. కాబట్టి కారం తగ్గించండి, పప్పు కాదు. మూడు పూటలా తినలేరు, కొంచెం కొంచెంగా ఆరుసార్లు పెట్టండి. కిడ్నీ సమస్య ఉంటే లెక్క మారుతుంది, డైటీషియన్‌ని అడిగి రాయించుకోండి. వాళ్ళకి "చలవ చేస్తుంది" అని కొబ్బరినీళ్ళు పట్టకండి, అందులోని పొటాషియం గుండె మీదికి తెస్తుంది.

వీటన్నిటికంటే ముందు మింగడం పరీక్ష. చాలా రోజులు గొంతులో గొట్టం ఉన్నవాళ్ళకి మింగే కండరాలు కూడా బలహీనపడతాయి. తిన్నది దగ్గు కూడా రాకుండా ఊపిరితిత్తుల్లోకి జారిపోవచ్చు. మా కళ్ళు గప్పి ఇడ్లీ ముక్క పెట్టడం ప్రేమతోనే చేస్తారని తెలుసు. ఆ ముక్కే మళ్ళీ న్యుమోనియా తెప్పించి, మళ్ళీ వెంటిలేటర్ దాకా తీసుకురావచ్చు. మేం సరే అన్నాక నిటారుగా కూర్చోబెట్టి, చిన్న ముద్దలు, టీవీ ఆపేసి పెట్టండి. తిన్నాక అరగంట పడుకోబెట్టకండి.

అపోహ: డిశ్చార్జ్ అయితే గట్టెక్కినట్టే

ఐసీయూ తర్వాత మిగిలే నీరసం, మతిమరుపు, దిగులు, పీడకలలకి కలిపి 2012లో అమెరికా క్రిటికల్ కేర్ నిపుణులు ఒక పేరు పెట్టారు, పోస్ట్ ఇంటెన్సివ్ కేర్ సిండ్రోమ్ అని. ఆ మరుసటి ఏడాది అక్కడే వచ్చిన ఒక అధ్యయనంలో, ఐసీయూ నుంచి బయటపడ్డ మూడు నెలలకి పరీక్షిస్తే నూటికి 40 మందిలో జ్ఞాపకశక్తి, ఆలోచన తలకి ఓ మాదిరి దెబ్బ తగిలినవాళ్ళ స్థాయిలో ఉన్నాయి. చాలామందికి నెమ్మదిగా మెరుగవుతుంది, నెలలు పడుతుంది. అందుకని ఇంటికొచ్చిన మొదటి వారాల్లో బ్యాంకు కాగితాల మీద, రిజిస్ట్రేషన్ల మీద సంతకాలు పెట్టించకండి. బండి తాళాలు ఇవ్వకండి. రెండు మూడు నెలలకి జుట్టు కుచ్చులుగా ఊడితే కంగారుపడి నూనెలు కొనకండి, పెద్ద జబ్బు తర్వాత అది మామూలే, మళ్ళీ వస్తుంది. రాత్రి ఉలిక్కిపడి లేస్తుంటే, నెల దాటినా బతుకు మీద ఆసక్తి లేనట్టు ఉంటే మాత్రం ఫాలోఅప్‌లో తప్పకుండా చెప్పండి. జ్వరం, ఆయాసం, మళ్ళీ తికమక మాటలు మొదలైతే ఫాలోఅప్ తేదీ కోసం ఆగకండి, ఆ రోజే తీసుకురండి.

మందుల చీటీ కూడా చూసుకోవాలి. డెలీరియంలో గొడవ తగ్గడానికి ఇచ్చిన మాత్ర, ఐసీయూలో కడుపు పుండు పడకుండా ఇచ్చిన గ్యాస్ మాత్ర ఒక్కోసారి ఆపమని రాయకపోవడం వల్ల నెలల తరబడి సాగిపోతుంటాయి. డిశ్చార్జ్ రోజున చీటీలో ఒక్కో మందు పక్కన రెండు విషయాలు రాయించుకోండి: ఇది ఎందుకు, ఎప్పటిదాకా. మీ అంతట మీరు ఏదీ ఆపకండి. ఆ రోజు హడావుడిలో బిల్లింగ్ కౌంటరు పిలుస్తూనే ఉంటుంది, పిలవనివ్వండి, ఇది రాయించుకున్నాకే వీల్ చెయిర్ కదలనివ్వండి.