డేటాబేస్ దగ్గర కుర్చీలు ఎందుకు చాలవు?

చిన్న వార్తల సైటు నడిపే పాఠకుడొకరు అడిగారు: "మామూలు రోజుల్లో ఏ ఇబ్బందీ లేదు. పరీక్షల ఫలితాల రోజు మాత్రం 'ఎర్రర్ ఎస్టాబ్లిషింగ్ ఎ డేటాబేస్ కనెక్షన్' అని వస్తుంది. రీస్టార్ట్ చేస్తే పోతుంది, కాసేపటికి మళ్లీ మొదలు. ఎందుకిలా?"

సైటును నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్, డేటాబేస్‌కు కనెక్ట్ కాలేకపోతే ఏ రోగానికైనా ఈ ఒక్క వాక్యమే చెబుతుంది. అసలు సంగతి ఎర్రర్ నంబరులో ఉంటుంది. 1045 అయితే యూజర్‌నేమో పాస్‌వర్డో తప్పు. 2002, 2003 అయితే మనం మైఎస్‌క్యూఎల్ (అంటే సైటు సమాచారం దాచే డేటాబేస్ సాఫ్ట్‌వేర్) దాకా చేరనే లేదు. ఇవి సెట్టింగులు సరిచూసుకుంటే తేలిపోతాయి. రద్దీ రోజున తరచుగా వచ్చేది 1040, 'టూ మెనీ కనెక్షన్స్'. మజా అంతా ఇందులోనే ఉంది.

మైఎస్‌క్యూఎల్‌ను టిఫిన్ హోటల్ అనుకోండి. మనం మార్చకపోతే అందులో కుర్చీలు, అంటే ఒకేసారి ఉండగల కనెక్షన్లు, 151. ఓనరు కోసం, అంటే అడ్మిన్ కోసం, 152వది విడిగా ఉంటుంది. కుర్చీలు నిండగానే జనం ఎక్కువయ్యారంటాం. అది సగం లెక్కే. ఒక్కొక్కరు ఎంతసేపు కూర్చున్నారు? జాన్ లిటిల్ అనే పరిశోధకుడు 1961లో నిరూపించిన సూత్రం ఇదే: సెకనుకు వచ్చేవాళ్లను ఒక్కొక్కరు కూర్చునే సెకన్లతో గుణిస్తే, సగటున నిండి ఉండే కుర్చీలు వస్తాయి. సెకనుకు 75 మంది వచ్చి, ఒక్కొక్కరు 2 సెకన్లు కూర్చుంటే 150. హోటల్ ఫుల్! అదే పని 20 మిల్లీసెకన్లలో అయిపోతే 1.5. అదే జనానికి సగటున రెండు కుర్చీలు కూడా నిండవు. (ఐదో తరగతి గుణకారం ఇది. కాలేజీలో దీన్నే క్యూయింగ్ థియరీ అని మొదలుపెట్టి పిల్లల్ని బెదరగొడతాం.)

తిన్నాక లేవని వాళ్లూ ఉంటారు. ఓనరు కుర్చీలో కూర్చుని, ఇప్పుడున్న కనెక్షన్ల జాబితా చూపే 'షో ఫుల్ ప్రాసెస్‌లిస్ట్' కొట్టండి. 'కమాండ్' గడిలో 'స్లీప్' వరసగా కనిపిస్తే, పేజీ కనెక్షన్ తెరిచి, క్రికెట్ స్కోరు కోసం ఇంకో సైటు జవాబిచ్చేదాకా కూర్చుని ఉండొచ్చు. ప్లేటు ఖాళీ, మనిషి మాత్రం ఫోన్లో ఉన్నాడు. అతన్ని తనంతట తానుగా లేపడానికి మైఎస్‌క్యూఎల్ మామూలుగా ఆగేది 28,800 సెకన్లు, అంటే ఎనిమిది గంటలు!

రీస్టార్ట్ అంటే అందరినీ బయటికి గెంటి షట్టర్ మళ్లీ ఎత్తడం. కాసేపు బాగుంటుంది కాబట్టి దాని మీద నమ్మకం కుదురుతుంది. దసరాకు సర్వర్‌కు బొట్టు పెట్టడంలో తప్పేం లేదు గానీ, ఈ రీస్టార్ట్ భక్తి మాత్రం కారణాన్ని కప్పేస్తుంది. పోనీ కుర్చీలు 1,000 చేద్దామా? ఒక్కో కనెక్షన్ మెమరీ తింటుంది. ర్యామ్ అయిపోతే సర్వర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ ఏకంగా మైఎస్‌క్యూఎల్‌నే చంపేయొచ్చు. అప్పుడు 1040 పోయి 2002 వస్తుంది.

ఇంతకీ ఆ 2 సెకన్ల క్వెరీ, అంటే డేటాబేస్‌ను సైటు అడిగే ప్రశ్న, ఏది? ఆలస్యమైన క్వెరీలను రాసుకునే స్లో క్వెరీ లాగ్ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేసినా 10 సెకన్లు దాటినవే రాసుకుంటుంది, మనది దొరకదు. 'లాంగ్ క్వెరీ టైమ్'ను 1కి దించండి. దొరికినదాని ముందు 'ఎక్స్‌ప్లెయిన్' పెట్టి, అది ఎలా వెతుకుతోందో చూడండి. 'టైప్' గడిలో 'ఆల్' అని ఉంటే టేబుల్ మొత్తం చదువుతోందన్నమాట. వర్డ్‌ప్రెస్‌లో నేను ముందు అనుమానించేది పోస్టుల అదనపు వివరాలుండే పోస్ట్‌మెటా టేబుల్‌నే. అందులో వివరం పేరుండే 'మెటా కీ'కి ఇండెక్స్ (పుస్తకం చివర విషయసూచికలా త్వరగా వెతికిపెట్టేది) ఉంది, అసలు వివరముండే 'మెటా వాల్యూ'కు లేదు. హాల్ టికెట్ నంబర్లు అక్కడ దాచి వెతికిస్తుంటే, వాటికి ఇండెక్స్ ఉన్న వేరే టేబుల్ కట్టండి.